ఫస్టు రంగు

సూర్యనారాయణమూర్తి బెల్లాన్ని చేత్తో ముట్టుకోడు. కారు తాళంచెవితో దిమ్మ మూల మీద ఒక గీత గీస్తాడు. రాలిన పొడిని నోట్లో వేసుకోడు, వాసన చూడడు. కింద పడ్డాక ఒక చూపు చూస్తాడు, అంతే. బంగారం రంగైతే ఫస్టు. గోధుమ రంగైతే సెకండు. అంతకన్నా ముదిరితే దానికి పేరు కూడా పెట్టడు, పక్కకి లాగెయ్యమని దిమ్మలు మోసే కళాసీకి గడ్డంతో చూపిస్తాడు. అనకాపల్లి బెల్లం యార్డులో ఆయన గీసిన గీత మీద మిగతా వర్తకులు వేలంపాట మొదలుపెడతారు. అది ఆయన తెలివికి వాళ్లిచ్చే గౌరవమని ఆయన నమ్మకం.

ఆ సోమవారం ఉదయం పక్కకి పోయిన సరుకు అప్పారావుది. రోలుగుంట అవతల కొండ కింద పల్లె అతనిది. తెల్లారకముందే వ్యానులో దిమ్మలు వేసుకుని, మంచుకి తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు. భార్య కాసులమ్మ కూడా వచ్చింది. దిమ్మలు దింపేటప్పుడు అంచులు విరగకుండా ఒక్కోదాని కింద గోనెసంచి సర్దింది. పసుపుపచ్చగా మెరిసే రాశుల మధ్య వాళ్ల రాశి తడిసిన మన్నులా ఉంది.

"ఏటోయ్ అప్పారావు, ఎక్కడైనా రోడ్డేస్తే మిగిలిన తారేటి ఇది?" అన్నాడు మూర్తి.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాటకి నవ్వకపోతే పాటలో చులకనైపోతామని అందరికీ తెలుసు.

"మందెయ్యలేదు బాబు," అన్నాడు అప్పారావు. "మా నాన్న వండినట్టే వండేను. సెరుకు రసం, సున్నపు తేట, బెండకాడ జిగురు. ఇంకేటీ కలపలేదు."

"మీ నాన్న నడిచి వచ్చేవాడు. నువ్వు వ్యానులో ఎందుకొచ్చేవు మరి?"

అప్పారావు తలగుడ్డ సర్దుకున్నాడు. మూర్తి మాటల్లో సమాధానం ఉండేవి తక్కువ. కాసులమ్మ ఒక దిమ్మ అంచు నుంచి చిన్న ముక్క విరిచి అరచేతిలో పెట్టి చాపింది.

"తిని సూడండి బాబు."

"తినడానికి కొనడం లేదమ్మా నేను," అన్నాడాయన, తాళంచెవిని రుమాలుతో తుడుచుకుంటూ. "పశువుల దాణావాడు వస్తాడు మధ్యాహ్నం. వాడికి చెప్తాలే." తర్వాత దయతలచినట్టు అప్పారావు వైపు వంగాడు. "అందరూ ఏం చేస్తున్నారో నువ్వూ అదే చెయ్యి. పాకం మరిగేటప్పుడు గుప్పెడు హైడ్రోస్ మందు కొట్టు. దిమ్మ పెళ్లికూతురిలా వస్తుంది. రంగు తే, ఫస్టు రేటు నేనే ఇస్తాను."

"అలాగే బాబు," అన్నాడు అప్పారావు.

చాపిన ముక్కని కాసులమ్మ పారెయ్యలేదు. నోట్లో వేసుకుని, నిదానంగా చప్పరిస్తూ, ఆయన పక్క రాశి దగ్గరికి వెళ్లేదాకా ఆయన్నే చూసింది.

మధ్యాహ్నం దాణావాడు అడిగిన రేటుకే సరుకు పోయింది. దింపేటప్పుడు రెండు ముక్కలైన దిమ్మ ఒకటి వాడు కూడా వద్దన్నాడు. కళాసీ దాన్ని తెచ్చి మూర్తి కొట్లో ఒక మూల పడేశాడు.

కొట్టు వెనక గోడౌను నిండా పచ్చటి బెల్లం ఉంది. నిరుడు కొన్నదే ఇంకా కొంత కదల్లేదు. ఒరిస్సా నుంచి లారీలు పంపే షావుకార్లు ఫోన్లు ఎత్తడం తగ్గించారు. దగ్గర్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక రైతులు చెరకు తీసేసి సరుగుడు వేసుకుంటున్నారు. వచ్చే ఏడాది యార్డుకి ఎంత బెల్లం వస్తుందో, వచ్చినా ఎవరు కొంటారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మూర్తి మాత్రం చెప్పగలడు. "మా తాత కాలం నుంచీ పడుతూ లేస్తూనే ఉంది" అంటాడు. భవిష్యత్తు గురించి ఆయన ఆలోచనంతా ఆ ఒక్క ముక్కే.

ఆయన కూతురు ఉషశ్రీకి ఆ ముక్క చాలలేదు. ఎంకాం చదివి ఏడాదిగా కొట్లోనే కూర్చుంటోంది. మందు వెయ్యని బెల్లాన్ని పొడి చేసి, చిన్న ప్యాకెట్లు కట్టి, విశాఖపట్నం దుకాణాలకి ఇవ్వాలని ఆమె ఆలోచన. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మూర్తి శ్రద్ధగా వింటున్నట్టు కళ్లు మూసుకుంటాడు. అంతా అయ్యాక, "ప్యాకెట్టు మీద నీ ఫొటో వేయించనా, నీ తమ్ముడిదా?" అంటాడు. ఆమెకి తమ్ముడు లేడు.

మంగళవారం ఆమె పిలిపించిన మనిషి వచ్చాడు. పేరు దేవీప్రసాద్. విశాఖపట్నంలో నాలుగైదు చోట్ల దుకాణాలున్నాయి. సొంత నీళ్ల సీసా తెచ్చుకున్నాడు. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని చూశాడు. ఆ రెండింటితోనే మూర్తి అతన్ని తూచేశాడు. ఇలాంటివాళ్లు బెల్లం కొనరు, బెల్లం గురించి మాట్లాడతారు.

అయినా గోడౌనులోంచి మేలురకం దిమ్మ తెప్పించాడు. దేవీప్రసాద్ చిన్న ముక్క తీసుకుని వేడినీళ్ల గ్లాసులో వేసి, కరిగాక వాసన చూశాడు. గ్లాసు పక్కన పెట్టేశాడు. రెండో దిమ్మ, మూడో దిమ్మ. మూడు గ్లాసులూ బల్ల మీద వరసగా నిలబడ్డాయి.

"చూడటానికి చాలా బాగుందండి," అన్నాడు. "కానీ మా దగ్గర కొనేవాళ్లు ఈ రంగు చూస్తే మందు వేశారని వెనక్కి పెట్టేస్తున్నారు. పిల్లలకి పెట్టేది కదా అంటారు."

"పిల్లలకి మేం ముప్పై ఏళ్లుగా ఇదే పెడుతున్నాం," అన్నాడు మూర్తి. అది అబద్ధం. ఇంట్లోకి బెల్లం ఎక్కణ్ణుంచి వస్తుందో ఆయన భార్య పద్మకుమారికి తెలుసు. చోడవరంలో ఆమె అన్నగారు విడిగా వండించి పంపిస్తాడు. అది నల్లగానే ఉంటుంది. పాయసంలో రంగెవరు చూస్తారులే అని మూర్తి తింటాడు.

దేవీప్రసాద్ లేచి వెళ్లబోతూ మూలనున్న ముక్కల దిమ్మ దగ్గర ఆగాడు. వంగి, కొంచెం గిల్లి నోట్లో వేసుకున్నాడు. మళ్లీ కొంచెం గిల్లాడు.

"ఇది ఎవరిదండీ?"

మూర్తి ముఖం మారడానికి పట్టిన సమయం చాలా తక్కువ. వ్యాపారం ఆయనకి నేర్పిన గొప్ప విద్య అదే.

"మాదే. మా రైతే వండుతాడు. మందు ముట్టుకున్నావంటే గుమ్మం ఎక్కొద్దని వాడికి నేనే చెప్పేను. ఏళ్ల తరబడి నా మాట మీదే ఉన్నాడు."

గ్లాసులు తీస్తున్న ఉషశ్రీ ఆగి తండ్రి వైపు చూసింది. నిన్న ఆ రాశి పక్కనే ఆమె కూడా నిలబడి ఉంది.

దేవీప్రసాద్ మళ్లీ కూర్చున్నాడు, ఈసారి కుర్చీ చూసుకోకుండా. వారం వారం ఒక వ్యాను సరుకు తీసుకుంటానన్నాడు. రేటు యార్డులో ఫస్టు రంగు మీద పైనే ఇస్తానన్నాడు. సోమవారం మొదటి సరుకు చేతికొస్తే ఏడాదికి మాట్లాడుకుందామన్నాడు. ఏడాది అనే మాట ఆ కొట్లో ఎవరైనా అని చాలా కాలమైంది.

అతని కారు వెళ్లాక మూర్తి పక్కవాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించాడు. "చూశావా నా ప్లాను? దాణా రేటుకి కొంటాం, ఫస్టు పైన అమ్ముతాం. నీ ప్యాకెట్లూ అక్కర్లేదు, పొడీ అక్కర్లేదు."

"అప్పారావుగారికి అసలు రేటు చెప్పరా?"

"గారా?" అన్నాడాయన. "రేటు తెలిస్తే వాడు రైతెందుకవుతాడే?"

ఉషశ్రీ గ్లాసుల్లోని పచ్చటి నీళ్లు తీసుకెళ్లి కాలవలో పారబోసింది.

బుధవారం ఇద్దరూ కారులో బయల్దేరారు. కారు ఆమె నడిపింది. చోడవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఒకప్పటి చెరకు చేలల్లో సరుగుడు మొక్కలు ఎదిగి ఉన్నాయి. మూర్తి దారి పొడుగునా రైతుల్ని తిట్టాడు. ఓపిక లేదు, బుర్ర లేదు, పక్కవాడు ఏది వేస్తే అదే వేస్తారు అన్నాడు. అప్పారావు మాత్రం మొండివాడు కాబట్టి తనకి పనికొచ్చేడన్నాడు. పెద్దకారు తమ వాకిట్లో ఆగితే ఆ మొగుడూ పెళ్లాలు ఎంత కంగారు పడతారో తలుచుకుని నవ్వుకున్నాడు.

ఎవరూ కంగారు పడలేదు. పొలంలో గానుగ ఆడుతోంది. కాసులమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎండిన చెరకు పిప్పిని గుప్పెళ్లతో మంటలోకి తోస్తోంది. పెద్ద పెనంలో రసం పొంగి, అంచుల్లో నురగ కడుతోంది. అప్పారావు పొడుగాటి గరిటెతో మడ్డి తీసి పక్కనున్న కుండలో వేస్తున్నాడు. కారు చూసి తల ఊపాడు కానీ గరిటె వదల్లేదు. ఆ సమయంలో వదిలితే పాకం మాడుతుంది.

"వచ్చేరా బాబు," అన్నాడు. "సూడండి, నిన్నటిది."

పాక నీడలో గోనె మీద వరసగా దిమ్మలు ఉన్నాయి. కొత్త ఇత్తడి బిందెల్లా పచ్చగా మెరుస్తున్నాయి.

మూర్తికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మీరు సెప్పినట్టే సేసేను బాబు," అన్నాడు అప్పారావు. ముఖం నిండా సంతోషం. దగ్గొచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. "ఆ పొడి వేసినప్పుడు వాసనొకటి గొంతుకి తగిలింది. కానీ మీరన్నట్టే వచ్చింది రంగు. పెళ్లికూతురే." అంటూనే గట్టు మీదున్న ప్లాస్టిక్ సంచి మూతి విప్పి, తెల్లటి పొడిని గుప్పెట్లోకి తీసుకుని పెనం మీదకి వంగాడు.

"ఆగు," అన్నాడు మూర్తి.

అప్పారావు గుప్పెడు అలాగే పట్టుకుని చూశాడు.

"వెయ్యకు. ఇదొద్దు. మొన్నటిలాంటిదే కావాలి."

"మొన్నటిదంటే?"

"నల్లది."

అప్పారావు తన గుప్పెట్లోకీ, ఆయన ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నట్టున్నాడు. అతనికి అలవాటైన వరస అదొక్కటే. కాసులమ్మ చేతిలో పిప్పి పక్కన పెట్టి, చీర దులుపుకుని లేచింది.

"మొన్న నలుపని పారేసేరు. పచ్చగా సెయ్యమన్నారు, సేసేం. ఇయ్యాల నలుపే కావాలంటన్నారు," అంది. గొంతు పెంచలేదు. "రంగు సరే, బెల్లం ఎప్పుడు కావాలంటారు బాబు?"

ఉషశ్రీ తల వంచుకుంది. మూర్తి మాత్రం నవ్వే ప్రయత్నం చేశాడు. "అది కాదమ్మా. పట్నంలో ఎవరో తెలివితక్కువవాడు ఒకడు అడుగుతున్నాడు. మనకేం పోయింది? మందు ఖర్చు కూడా మిగులుతుంది మీకు. యార్డుకి తేవద్దు, నేనే ఇక్కడికి వ్యాను పంపిస్తాను. దాణావాడు ఇచ్చినదాని మీద ఇంకొంచెం వేస్తాను."

"యార్డుకే తెత్తాం," అంది కాసులమ్మ.

"ఆయనింత దూరం వచ్చేరు కదే," అన్నాడు అప్పారావు.

"వచ్చేరు. అవసరముండి వచ్చేరు." ఆమె మూర్తి వైపే చూస్తోంది. "తారు అన్నది అందరి ముందూ కదా బాబు. ఫస్టన్నదీ అందరి ముందే అనండి. ఫస్టు రేటుకే పాడండి. పాడి పట్టుకెళ్లండి. ముందు ఈ పచ్చవి కారులో ఎక్కించుకోండి. ఇయ్యి మీరడిగినవే. రంగు తెత్తే ఫస్టు ఇత్తానన్నారు."

ఆడదాని మాట మగవాడు కొట్టేస్తాడని మూర్తి అప్పారావు వైపు చూశాడు. అప్పారావు గుప్పెట్లో పొడిని మళ్లీ సంచిలో పోసి, మూతి కట్టి, చేతులు నీళ్లతో కడుక్కున్నాడు. తర్వాత గరిటె తీసుకుని పెనం వైపు తిరిగాడు. "దాని మాటే బాబు," అన్నాడు, రసంలోకి చూస్తూ.

పచ్చటి దిమ్మలు కారు వెనక ఎక్కాయి. ఫస్టు రేటుకే. ఫోనులో డబ్బు వేసింది ఉషశ్రీ. వేసేటప్పుడు తండ్రిని అడగలేదు.

తిరుగుదారిలో చాలాసేపటి తర్వాత ఆమె అడిగింది. "పాడతారా నాన్నా?"

"ఒక్క మాటే కదే. అంటే నా నోరు అరిగిపోతుందా?" అన్నాడు మూర్తి. "ఒక్కసారి అంటాం. వాళ్లకీ సంతోషం. వచ్చే వారం నుంచి ఎవరికీ తెలీకుండా ఇంటి దగ్గరే తెచ్చుకుంటాం. ఇలాంటివాళ్లకి మర్యాద ఒక్క పూట చాలు. కడుపు నిండిపోతుంది."

సోమవారం యార్డులో మంచు ఇంకా విడలేదు. అప్పారావు దిమ్మలు మామూలు చోటే దించాడు. కాసులమ్మ మామూలుగానే కింద గోనెలు సర్దింది. మూర్తి ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. రాశి దగ్గర ఆగి, తాళంచెవి తీసి, గీకకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఫస్టు," అన్నాడు గొంతులోనే.

"ఇనబడలేదు బాబు," అంది కాసులమ్మ.

"ఫస్టు రంగు," అన్నాడు మూర్తి. ఈసారి అటూ ఇటూ రాశుల దాకా వినబడింది. "పాట ఫస్టు రేటు నుంచే."

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత నవ్వు మొదలైంది. ఆయన తయారుచేసిన నవ్వే అది. సరుకు చూసి, మనిషిని చూసి, ఎక్కడ గుచ్చితే దిగుతుందో తెలిసిన నవ్వు. ఇన్నాళ్లూ ఆయన వెనక నిలబడి నవ్వినవాళ్లు ఇప్పుడు ఆయన ముందు నిలబడి నవ్వారు.

"బావకి కళ్లలో శుక్లాలు ముదిరేయి," అన్నాడు సత్తియ్య. మూర్తి కొట్టుకి ఎదురు కొట్టు అతనిది. "విశాపట్నం తీసుకెళ్లమ్మా ఉషా. ఆలస్యం చెయ్యకు."

మళ్లీ నవ్వారు. సత్తియ్యా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. మూర్తి ముఖం చూశాడు. ఆ ముఖం ఎర్రబడి ఉంది, కానీ రాశి దగ్గర్నుంచి కదల్లేదు. సత్తియ్య నెమ్మదిగా నడిచి వచ్చి, దిమ్మ అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. యార్డులో ఒక వర్తకుడు బెల్లం రుచి చూడగా ఈ మధ్య కాలంలో ఎవరూ చూడలేదు.

"పదిమంది మధ్య నవ్వులపాలైనా కొంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది," అన్నాడు పక్కవాడితో. మాట చిన్నగానే అన్నాడు కానీ అందరికీ వినబడింది. "మూర్తి బావ నష్టానికి పాడే మనిషి కాదు." అని, పాటలో పైన ఒక మాట వేశాడు.

మూర్తి దాని మీద వేశాడు. ఇంకో వర్తకుడు వచ్చి ముక్క నోట్లో వేసుకున్నాడు. అతనూ పాడాడు. రుచి చూడకుండానే మరొకడు పాడాడు. రేటు దేవీప్రసాద్ ఇస్తానన్న చోటికి వచ్చింది. మూర్తి చొక్కా వీపు మీద చెమట పట్టింది. ఏడాది అనే మాట చెవిలో మోగుతుండగా నష్టానికే ఇంకో మాట వేశాడు. అది చూసి సత్తియ్యకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. అతను ఒకేసారి రెండు మాటలు పైకి వెళ్లాడు.

మూర్తి నోరు తెరిచాడు. ఇలాంటి సరుకునే కిందటి సోమవారం తను పశువుల దాణాకి పంపించిన సంగతి గుర్తొచ్చినట్టుంది. నోరు మూసుకున్నాడు.

సరుకు సత్తియ్యకి పోయింది. కళాసీలు దిమ్మల్ని ఎదురు కొట్లోకి మోశారు, పిల్లల్ని ఎత్తుకున్నంత జాగ్రత్తగా. రేటు పెరిగితే కళాసీల చేతులు కూడా మెత్తబడతాయి.

మూర్తి కొట్లోకి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. సత్తియ్యకి ఆ సరుకుతో ఏం చెయ్యాలో తెలీదు, సాయంత్రానికి కాళ్ల బేరానికి వస్తాడు, అప్పుడు చూద్దాం అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకే తెలీదు. ఉషశ్రీ వాకిట్లో నిలబడి ఫోను మాట్లాడుతోంది. లోపలికి వచ్చింది.

"దేవీప్రసాద్‌గారు. సరుకు రాలేదని చెప్పేశాను," అంది.

"ఎందుకు చెప్పేవు? ఏదో ఒకటి—"

"రైతు నంబరు అడిగేరు."

"ఇచ్చేవా?"

"ఇచ్చేను." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ప్యాకెట్లు కట్టడానికి ఒక చోటు కావాలంట ఆయనకి. మన వెనక గోడౌను ఖాళీ అయితే అద్దెకిస్తానని కూడా చెప్పేను."

మూర్తి కూతురి వైపు చూశాడు. ప్యాకెట్టు మీద తమ్ముడి ఫొటో మాట కూడా ఈసారి తోచలేదు.

వాకిట్లో నీడ పడింది. అప్పారావు చెప్పులు విప్పి నిలబడ్డాడు. వెనక కాసులమ్మ ఖాళీ గోనెలు మడిచి చంకలో పెట్టుకుంది. అప్పారావు రెండు చేతులూ జోడించాడు. అతని కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"మీ నోటి సలవ బాబు," అన్నాడు. "మా నాన్న ఉంటే ఎంత సంతోసించేవోడో."

మూర్తి సరే సరే అన్నట్టు చెయ్యి ఊపి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పారావు వెళ్లిపోయాడు. కాసులమ్మ మాత్రం గుమ్మం దగ్గరే ఇంకొంచెంసేపు నిలబడింది. కొట్టుని చూసింది. లోపల పచ్చటి గోడలా పేర్చి ఉన్న దిమ్మల్ని చూసింది. వాటి ముందు కూర్చున్న మనిషిని చూసింది.

"వచ్చేవారం కూడా తెత్తాం బాబు," అంది. "మీరు కొనక్కర్లేదు. పాట మొదలెట్టండి, సాలు."